'మినీ' ఎవరింటి బిడ్డ? ఒక మాట పుట్టుక ఎలా వెతకాలి

నెల్లూరులో ఆటో ఎక్కి "మినీ బైపాస్" అంటే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. రోజూ అనే మాటే. అందులో 'మినీ' అంటే ఏంది, ఎక్కడిది అని మా అక్క కొడుకు అడిగేదాకా నేనూ ఎప్పుడూ ఆలోచించలేదు. "మినిమంలో సగం రా" అని చెప్పి పంపించేశా. అది తప్పని నాకు తెలిసేసరికి వాడు స్కూల్లో కూడా అదే చెప్పి వచ్చాడు. ఆ తప్పు దిద్దుకోవడానికి నేను పడ్డ తిప్పలే ఈ పద్ధతి.

ఫోను, ఒక నోటుపుస్తకం, ఖాళీగా ఉన్న ఒక ఆదివారం మధ్యాహ్నం ఉంటే సరిపోతుంది. మీకు నచ్చిన ఏ మాటకైనా ఇదే దారి. నేను 'మినీ'ని పట్టుకుని చూపిస్తా, మీరు పక్కన ఇంకో మాట పెట్టుకుని వెంట రండి.

1. ముందు నిఘంటువు తెరవకండి, ఊళ్లో వినండి

మాట ఎక్కడెక్కడ వినపడుతుందో, దాని పక్కన ఏ మాట ఉందో రాసుకోండి. బోర్డులు చూడండి, వాహనాల వెనక రాతలు చూడండి, టిఫిన్ సెంటర్లో ధరల పట్టిక చూడండి. నా పుస్తకంలో ఒక్క పూటలో పడినవి: మినీ బైపాస్, మినీ బస్సు, మినీ లారీ, మినీ మీల్స్, మినీ ఇడ్లీ, మినీ ఫంక్షన్ హాలు.

ఇప్పుడు ఆ జాబితాను కాస్త పరీక్షగా చూడండి. మినీ బైపాస్ చిన్న రోడ్డేం కాదు. జాతీయ రహదారి బైపాస్ ఒకటుంది కాబట్టి దాని పక్కన ఇది మినీ అయింది. మినీ లారీ కారు కంటే పెద్దదే, లారీల్లో చిన్నది. అంటే 'మినీ' కొలతేమీ చెప్పడం లేదు. 'ఈ జాతిలో మామూలుగా ఉండేదాని కంటే చిన్నది' అని మాత్రమే చెబుతోంది.

ఇక్కడే ఇంకో పని చేయండి. మన 'చిన్న'ను తీసి ఆ స్థానంలో పెట్టి చూడండి, తర్వాత తిరగేసి చూడండి. చిన్న లారీ అనొచ్చు, చిన్న బస్సు అనొచ్చు. కానీ చిన్నాయనను మినీ నాయన అంటే ఇంట్లో అన్నం పెట్టరు. చిన్న కొడుకు, చిన్న బుద్ధి, చిన్నచూపు, వీటిలో ఎక్కడా మినీ పట్టదు. 'చిన్న'కు వయసూ మర్యాదా మనసూ అన్నీ తెలుసు, 'మినీ'కి సైజు ఒక్కటే తెలుసు. "ఈ గది చిన్నగా ఉంది" అంటాం, "మినీగా ఉంది" అనం. ఎప్పుడూ ఇంకో మాట ముందు అతుక్కుని ఉండాల్సిందే, ఒంటరిగా నిలబడలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

2. మీ ఊహను పెన్నుతో రాయండి

పెన్సిల్‌తో రాస్తే తర్వాత చెరిపేసి "నాకు ముందే తెలుసు" అనుకుంటాం. నేనైతే అలాగే చేస్తాను, అందుకే పెన్ను.

నా ఊహ 'మినిమం'. మా మేనల్లుడి చెల్లెలిది ఇంకా బాగుంది: మినపపిండితో చేస్తారు కాబట్టి మినీ ఇడ్లీ. నవ్వాం గానీ, ఆ పిల్ల చేసిందీ నేను చేసిందీ ఒకటే పని. రెండు మాటలు ఒకేలా వినపడ్డాయి, అర్థం కాస్త అటూఇటూ సరిపోయింది, చుట్టరికం కలిపేశాం. నాది ఇంగ్లిష్‌లో ఉంది కాబట్టి చదువుకున్నోడి ఊహలా కనపడింది, అంతే తేడా.

పోలిక మీద చుట్టరికం కలపడం ఎంత ప్రమాదమో తెలుగులోనే చూడొచ్చు. చిరునవ్వు, చిరుజల్లు, చిరుతిండి, ఇవన్నీ చిన్నవే. మరి చిరునామా? చిన్న నామమా? కాదు. అది పారసీ 'సర్‌నామా' నుంచి వచ్చింది. సర్ అంటే తల, నామా అంటే ఉత్తరం. ఉత్తరం పైన రాసేది. మనకు 'చిరు' ముందే అలవాటు కాబట్టి నోరు దాన్ని అటు తిప్పేసుకుంది.

3. ఇప్పుడు నిఘంటువు, అదీ చివరి నుంచి

తెలుగు మాటకైతే ఆంధ్రభారతి సైట్లో నిఘంటు శోధన ఉంది. ఒక మాట కొడితే బ్రౌన్ 1852లో అచ్చువేసిన తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు సహా చాలా పుస్తకాల్లో ఏముందో ఒకేచోట చూపిస్తుంది. ఇంగ్లిష్ మాటకైతే మెరియమ్-వెబ్‌స్టర్, ఎటిమ్‌ఆన్‌లైన్ రెండూ ఉచితమే.

మనం అర్థం చూసి మూసేస్తాం. అలా కాకుండా ఆ పదం కింద చివర్లో సన్నగా ఉండే వ్యుత్పత్తి భాగం దగ్గరికి నేరుగా పోండి. అక్కడ మూడింటిని వెతకండి: మొట్టమొదట రాతలో ఎప్పుడు కనపడింది, ఏ మాట నుంచి వచ్చింది, ఎలా మారి వచ్చింది. 'మినీ' దగ్గర మూడో దానికి జవాబు 'కత్తిరింపు' అని ఉంటుంది. ఏ మాటను కత్తిరించారు? మినిమంను కాదు, 'మినియేచర్'ను. మినియేచర్ అంటే చిట్టి బొమ్మ, చిన్న నమూనా. దాని తల కత్తిరించి ఇంకో మాట ముందు అతికించారు. 'మినీ' ఒంటరిగా నిలబడలేకపోవడానికి కారణం ఇదే కాబోలు అని నా అనుమానం. పుట్టడమే అతుకుముక్కగా పుట్టింది.

ఇలాంటి కత్తిరింపు మాటలు మన చుట్టూ బోలెడు. టెలిఫోను పోయి ఫోను మిగిలింది. బస్సు సంగతి ఇంకా విడ్డూరం. దాని పూర్తి పేరు 'ఆమ్నిబస్', లాటిన్‌లో 'అందరి కోసం' అని అర్థం. 'అందరూ' అనే భాగాన్నంతా పారేసి, 'కోసం' అని చెప్పే విభక్తి ముక్కను ఉంచుకున్నారు. మినీ బస్సు ఎక్కినప్పుడు ఒక తెగిన తలా ఒక తెగిన తోకా కలిసి మనల్ని కావలి ఊరికి మోసుకుపోతున్నాయన్నమాట.

4. అక్కడ ఆగకండి, ఇంకో మెట్టు ఎక్కండి

చాలామంది మినియేచర్ దగ్గర ఆగి పుస్తకం మూసేస్తారు. అసలు కథ అక్కడే మొదలవుతుంది. 'మినియేచర్' అని మళ్లీ వెతకండి. అది ఇటాలియన్ 'మినియతూర' నుంచి. అది లాటిన్ 'మినియారె' నుంచి. ఆ క్రియకు అర్థం చిన్నది చేయడం కాదు, ఎర్రరంగు వేయడం. ఆ ఎర్రరంగు పేరు 'మినియం'.

మినియం అంటే ఏందో ఇప్పుడు సంస్కృత నిఘంటువులో తిరగేసి చూడండి. మోనియర్-విలియమ్స్ 1899 నాటి సంస్కృత-ఇంగ్లిష్ నిఘంటువులో 'సిందూర' అనే మాట తీయండి. దాని అర్థాల్లో ఈ మినియం ఉంటుంది. ఆంజనేయస్వామి గుళ్లో స్వామికి నిలువెల్లా పూసే ఆ నారింజ ఎరుపు పొడి, ఆ సిందూరమే. రోమన్ల కాలంలో మినియం అనే పేరు మొదట ఇంగిలీకానికి, అంటే పాదరసం ఉండే ఎర్రటి ఖనిజానికి ఉండేది, తర్వాత సీసం అనే లోహాన్ని కాల్చి చేసే సిందూరానికి స్థిరపడింది. (సీసపు సిందూరం విషం. ఇప్పుడు అంగళ్లలో సిందూరం పేరుతో దొరికేదంతా అదే కాదు గానీ, పిల్లల చేతికి మాత్రం ఇవ్వకండి.)

సరే, ఎర్రరంగు చిన్నదెలా అయింది? అచ్చుయంత్రం రాకముందు ఐరోపాలో పుస్తకాలు చేత్తో రాసేవాళ్లు. ప్రకరణం మొదటి అక్షరాన్ని, శీర్షికలను ఈ మినియంతో ఎర్రగా దిద్దేవాళ్లు. శుభలేఖలో పేర్లు ఎర్రగా అచ్చువేయడం, కేలండర్లో పండగరోజు ఎర్ర అంకె వేయడం మనకు తెలిసిందే కదా, అలాంటి ముచ్చటే. ఆ పనికి మినియారె అనే పేరు. పోనుపోను ఆ అక్షరాల్లోనూ పక్కనా బొమ్మలు వేయడం మొదలైంది. ఎరుపు పోయి అన్ని రంగులూ వచ్చినా పేరు మాత్రం మినియతూర గానే ఉండిపోయింది. పుస్తకం పుటలో పట్టాలి కాబట్టి ఆ బొమ్మలు చిన్నవిగా ఉండేవి. అదే సమయంలో మినిమం, మైనర్, మైనస్ లాంటి మాటలు ఆ శబ్దానికి దగ్గరగా ఉండి 'చిన్నది' అనే అర్థం వైపు లాగాయి. కొన్నాళ్లకు రంగు సంగతి అందరూ మరిచిపోయారు, 'చిన్న బొమ్మ' మిగిలింది.

అంటే నా ఊహ పూర్తిగా తప్పూ కాదు. మినిమం తల్లి కాదు, పక్కింటామె. బిడ్డ మాత్రం ఆమె దగ్గరే ఎక్కువగా తిరిగి ఆమె పోలికలు తెచ్చుకుంది. మాటల్లో ఇది తరచూ జరిగేదే. కాబట్టి మీ ఊహ తప్పని తేలినప్పుడు కొట్టేసి ఊరుకోకండి, పక్కనే 'ఎందుకలా అనిపించింది' అని ఒక వాక్యం రాసుకోండి. ఒక్కోసారి జవాబులో సగం అక్కడే ఉంటుంది.

5. తేదీలతో గట్టి చేసుకోండి

రెండు తేదీలు చాలు. మాట పుట్టినది, జనంలోకి వచ్చినది. ఇంగ్లిష్‌లో 'మినీ' అతుకు 1930ల్లో చిన్న పియానోలకు, చిన్న కెమెరాలకు పెట్టిన పేర్లలో కనపడుతుంది. బాగా ఊరెక్కించింది మాత్రం ఒక కారు.

1956లో సూయజ్ కాలువ గొడవతో బ్రిటన్‌లో పెట్రోలుకు కరువొచ్చింది. తక్కువ తాగే చిన్న కారు కావాలని బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అలెక్ ఇస్సిగోనిస్ అనే డిజైనర్‌కు పని అప్పజెప్పింది. 1959 ఆగస్టులో కారు బయటికొచ్చింది. ఇంజను 848 సీసీ, పొడవు సుమారు 3 మీటర్లు. ఒకే కారును రెండు పేర్లతో అమ్మారు, అందులో ఒకటి 'మోరిస్ మినీ-మైనర్'. అప్పటికే మోరిస్ మైనర్ అనే కారు ఉంది కాబట్టి దాని కంటే చిన్నది మినీ-మైనర్. మన మినీ బైపాస్ లెక్కే, పెద్దది ఒకటుంటే దాని పక్కన ఇది. మన అంబాసిడర్ కూడా ఆ మోరిస్ ఇంటి నుంచి వచ్చిందే, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే మోడల్ మీద కట్టింది. అరవైల్లో మినీ స్కర్టు వచ్చింది. దాన్ని జనంలోకి తెచ్చిన డిజైనర్ మేరీ క్వాంట్ తనకిష్టమైన ఆ కారు పేరే పెట్టానని చెప్పింది. ఆ తర్వాత మినీ దేనికి పడితే దానికి అతుక్కుంది.

ఊళ్లో ఆ మాట ఎప్పటి నుంచి ఉందో తెలుసుకోవాలంటే పెద్దవాళ్లను అడగండి. కానీ "మినీ అంటే ఏంది?" అని అడగొద్దు, ఊహలు చెబుతారు. "అంతకుముందు దాన్ని ఏమనేవాళ్లు?" అని అడగండి. మా పెదనాయన "మినీ లేదు గినీ లేదు, బుడ్డ లారీ అనేవాళ్లం" అన్నాడు. ఇది పుట్టుకకు సాక్ష్యం కాదు, వాడుకకు సాక్ష్యం. రెండూ వేరువేరు పుటల్లో రాసుకోండి.

6. అసలు చుట్టాలెవరో తేల్చుకోండి

లాటిన్‌లో తక్కువ, చిన్న అనే అర్థమున్న ఆ 'మిన్' కుటుంబానికి 'మినీ' పెంపుడు బిడ్డ అని తేలింది కదా. మరి రక్తసంబంధీకులెవరు? ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన పని.

మైనస్, మినిమం, మైనర్ ఎలాగూ ఉన్నాయి. ప్రకాశం జిల్లాలో దర్శి వైపు సాగర్ కాలువ కింద సేద్యం చేసేవాళ్ల నోట మేజరు, మైనరు అనే మాటలు రోజూ వినపడతాయి. మేజరు నుంచి చీలి పొలాల వైపు పోయే కాలువ మైనరు, దాని కంటే చిన్నది పిల్లకాలువ. మైనరు అసలు ఆ 'మిన్' రక్తమే, మినీ బైపాస్‌లోని మినీ కాదు. పిల్లకాలువలోని 'పిల్ల' అయితే రెండింటికంటే ముద్దుగా ఉందని నా అభిప్రాయం.

నిమిషాన్ని ఇంగ్లిష్‌లో అనే 'మినిట్' కూడా ఈ కుటుంబమే. గంటను 60 ముక్కలు చేస్తే వచ్చేది లాటిన్‌లో 'మొదటి చిన్న భాగం'. దాన్ని మళ్లీ 60 చేస్తే 'రెండో చిన్న భాగం'. మొదటి దానిలోంచి 'చిన్న' అనే మాట మిగిలి మినిట్ అయింది, రెండో దానిలోంచి 'రెండో' అనే మాట మిగిలి సెకను అయింది. మన నిమిషం మాత్రం కనురెప్పపాటు. వాళ్లు గంటను కోశారు, మనవాళ్లు కన్ను చూశారు.

హోటల్లో మెనూ కూడా ఇదే ఇంటిది. ఫ్రెంచిలో మెనూ అంటే చిన్నచిన్న వివరాలు. ఇప్పుడు చూడండి తమాషా. మెనూ కార్డులో మినీ ఇడ్లీ అని రాసి ఉంటే, ఆ రెంటిలో లాటిన్ 'చిన్న'కు పుట్టిన బిడ్డ మెనూ, ఇడ్లీ పక్కనున్నది కాదు.

ఇక మినిస్టరు. లాటిన్‌లో ఆ మాట మైనస్‌తో పాటు పుట్టింది, అర్థం తక్కువవాడు, సేవకుడు. దానికి ఎదురు మాట 'మజిస్తెర్', ఎక్కువవాడు. ఆ మజిస్తెర్ నలిగి ఇంగ్లిష్‌లో మాస్టర్ అయింది, మన దగ్గర మాస్టారు అయింది. మాట పుట్టుక ప్రకారం బడిలో మాస్టారే పెద్ద, మినిస్టరు చిన్న. జూబ్లీ ఫంక్షన్లో కుర్చీలు వేసేవాళ్లకు ఎవరైనా ఈ సంగతి చెప్పి చూడండి.

7. మీ భాషలో జోడు వెతకండి

ఈ మెట్టు వదిలేస్తే వెతుకులాట మొత్తం ఇంగ్లిష్ పాఠమై కూర్చుంటుంది. వాళ్ల మాట నడిచిన దారిలో మన మాట ఏదైనా నడిచిందా అని చూడండి. 'మినీ'కి నాకు సరైన జోడు దొరకలేదు. 'స్మాల్'కు దొరికింది.

పాత ఇంగ్లిష్‌లో స్మాల్ అంటే ముందుగా సన్నటిది, ఇరుకైనది. దాని జర్మన్ తోబుట్టువు 'ష్మాల్' ఇప్పటికీ ఇరుకు అనే అర్థంలోనే ఉంది. ఇంగ్లిష్‌లోనూ పాత అర్థం ఒకచోట దాక్కుని ఉంది: వెన్ను కింద నడుము సన్నబడే చోటును వాళ్లు స్మాల్ అనే మాటతోనే పిలుస్తారు.

మన 'సన్న' చూడండి. సన్నబియ్యం, సన్నదారం, సన్నటి నడుము, అన్నీ లావుకు ఎదురు. నెల్లూరు వరిపొలాల్లో తిరిగేవాళ్లకు సన్నాలంటే వేరే చెప్పక్కర్లేదు. మరి 'సన్నకారు రైతు'? ఆయన సన్నగా ఉంటాడని కాదు. ప్రభుత్వ లెక్కల్లో ఒక హెక్టారు, అంటే రెండున్నర ఎకరాల లోపు భూమి ఉన్నవాడు. అది దాటి రెండు హెక్టార్ల దాకా ఉంటే చిన్నకారు రైతు. లావుకు ఎదురైన 'సన్న' ఇక్కడ పెద్దకు ఎదురై కూర్చుంది. స్మాల్ నడిచిన దారే. పైగా మన దగ్గర సన్న చిన్న కంటే చిన్నది! ఎరువుల కోసం సొసైటీ దగ్గర లైన్లో నిలబడ్డప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది.

'చిన్న'కు జోడు కావాలంటే ఇంగ్లిష్ దాకా అక్కర్లేదు, తడ దాటితే చాలు. తమిళంలో 'సిన్న', 'సిఱు' రెండూ ఉన్నాయి, మన చిన్న, చిరు ఉన్నట్టే. మనం వాళ్ల దగ్గర తెచ్చుకున్నవీ కావు, వాళ్లు మన దగ్గర తెచ్చుకున్నవీ కావు. ఒక తల్లి పిల్లలు.

8. ఒక కార్డు మీద రాసిపెట్టుకోండి

పోస్టుకార్డు అంత అట్టముక్క చాలు. పైన మాట, దాని కింద మీ మొదటి ఊహ (తప్పైనా సరే ఉంచండి), తర్వాత మెట్టుమెట్టుగా దారి, చివర ఊళ్లో విన్న వాడుకలు. మా వాడు రాసుకున్న కార్డు ఇది:

మినీ. మామ చెప్పింది: మినిమం (తప్పు). చెల్లి చెప్పింది: మినప్పప్పు (ఇదీ తప్పు). దారి: మినీ, మినియేచర్, మినియతూర, మినియారె, మినియం, అంటే సిందూరం. మన ఊళ్లో: మినీ బైపాస్, మినీ లారీ, మినీ ఇడ్లీ. పెదనాయన: బుడ్డ లారీ.

'మామ చెప్పింది తప్పు' కింద రెండు గీతలు కూడా కొట్టాడు.

తర్వాతి కార్డుకు మాట కావాలంటే 'పెట్టీ' తీసుకోండి. పెట్టీ కేసు అంటాం, ఆఫీసుల్లో పెట్టీ క్యాష్ అంటాం. పెట్టెలో పెట్టే డబ్బు కాబట్టి పెట్టీ క్యాష్ అని మా ఇంట్లో ఒకరు అప్పుడే ఊహ చెప్పేశారు, పెన్నుతో రాసుకున్నాం. ఫ్రెంచి 'పెతీ' దగ్గర మొదలుపెట్టండి. దారిలో పెట్టికోటు తగులుతుంది, అందులోనూ ఆ 'పెతీ'యే ఉంది, చిన్న కోటు అని. మొదట్లో దాన్ని తొడుక్కున్నది మగవాళ్లు, పైకోటు కింద.